పంట కాపలా తుపాకికి లైసెన్సు: ఊరంతా కలిసి అడగడం ఎలా

వేరుశనగలో కాయ ఊరే రోజులొస్తే మా మెళియాపుట్టి కొండల కింద ఊళ్ళలో ఎవరికీ కంటినిండా నిద్ర ఉండదు. మంచె మీద మగవాళ్ళు, గట్ల మీద మేము, రేకు డబ్బాలు కొట్టుకుంటూ తెల్లవార్లూ కూర్చుంటాం. అయినా పందుల గుంపు ఒక్క జాము దిగిందంటే అరెకరం చేను పోతుంది. మొక్కజొన్న అయితే అవి తిన్నదానికంటే తొక్కి విరిచిందే ఎక్కువ. మందస, పాతపట్నం, హిరమండలం రైతులదీ ఇదే గోడు. విజయనగరం వైపు మెంటాడ, గంట్యాడ, శృంగవరపుకోట కొండవాలు రైతులదీ ఇదే.

పంట కాపాడుకోవడానికి తుపాకి లైసెన్సు అడిగే దారి చట్టంలోనే ఉంది. కానీ ఒక్కో రైతు విడివిడిగా వెళ్తే ఫైలు ఏదో ఒక బల్ల దగ్గర ఆగిపోతుంది. ఊరంతా కలిసి, రాతలో, పద్ధతిగా అడిగితే కదులుతుంది. మా నాన్న తుపాకి కోసం, ఆ తర్వాత మా ఊరి రైతుల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. మీ ఊరికి తగ్గట్టు మార్చుకోండి.

ముందు చట్టం సంగతి

1931లో కరాచీ కాంగ్రెస్ చేసిన ప్రాథమిక హక్కుల తీర్మానంలో, నిబంధనలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కు కూడా ఉంది. 1948లో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ దాన్ని రాజ్యాంగంలో చేర్చాలని సవరణ పెట్టారు. అది నెగ్గలేదు. కాబట్టి మన దేశంలో తుపాకి ప్రాథమిక హక్కు కాదు. కలెక్టరేట్ ముందు నిలబడి జన్మహక్కు అని నినాదాలిస్తే వాళ్ళు వినరు, వినాల్సిన పని కూడా లేదు.

మనకి ఆధారం 1959 ఆయుధాల చట్టం, దాని కింద వచ్చిన 2016 నియమాలు. చట్టంలో 13వ సెక్షన్ మూడో ఉపసెక్షన్ చదవండి. నిజంగా పంట రక్షణ కోసమే అడుగుతున్న పౌరుడికి, మందు దట్టించి పేల్చే తుపాకికి లైసెన్సు ఇచ్చి తీరాలని అందులో ఉంది. 14వ సెక్షన్‌లో చెప్పిన అభ్యంతరాలు ఉంటేనే కాదనాలి. ఆ తుపాకి సరిపోదని లైసెన్సు ఇచ్చే అధికారికి నమ్మకం కుదిరితే, లోపల గాళ్ళు లేని నున్నటి గొట్టం ఉన్న వేరే తుపాకికి కూడా ఇవ్వవచ్చు. మన వాళ్ళు సింగిల్ బ్యారెల్, పన్నెండు బోరు అంటారే, అలాంటివి. ఇంకో మాట కూడా గుర్తుంచుకోండి. ఆస్తి తక్కువని చెప్పి లైసెన్సు నిరాకరించకూడదని 14వ సెక్షన్‌లోనే ఉంది. ఎకరం భూమి ఉన్న రైతుకి, కౌలు రైతుకి ఇది చాలా పెద్ద అండ. ఆ పేజీ జిరాక్స్ తీసి మీ ఫైలులో మొదటి కాగితంగా పెట్టుకోండి.

నష్టం పుస్తకం

అన్నిటికంటే ముందు మొదలుపెట్టాల్సింది ఇదే. తుపాకి మాట ఎత్తకముందు కనీసం ఒక పంటకాలం నష్టాల లెక్క రాయండి. ఊరికి ఒక పుస్తకం, దానికి ఒక మనిషి. మా ఊళ్ళో ఆ పని పొదుపు సంఘంలో లెక్కలు రాసే అమ్మాయికి అప్పగించాం. తేదీ, రైతు పేరు, సర్వే నంబరు, పంట, ఎంత మేర పోయింది, ఏ జంతువు, ఎవరు చూశారు. అంతే. కథలు అక్కర్లేదు.

తెల్లారగానే, ఎండ ఎక్కకముందే చేలోకి వెళ్ళండి. పంది తవ్విన మన్ను అప్పుడు ఇంకా తడిగా, నల్లగా ఉంటుంది. వేరుశనగ తీగ వేళ్ళతో సహా తిరగబడి ఉంటుంది, గుల్లలు అక్కడే నమిలి ఉమ్మేసి ఉంటాయి. అడుగు చూస్తే ముందు రెండు గిట్టలు, వాటి వెనకాల పక్కలకి రెండు చిన్న గుంటలు. మెత్తటి నేలలో ఆ వెనక గుంటలు బాగా కనిపిస్తాయి. పొలం గట్టున తాటిచెట్టు ఉంటే దాని మొదలు కూడా చూడండి. బురదలో పొర్లి వచ్చి ఒళ్ళు రుద్దుకుంటాయి, మోకాలెత్తున మట్టి మరక, దానికి అంటుకుని బిరుసు వెంట్రుకలు ఉంటాయి. తేదీ, స్థలం పడే కెమెరా యాప్‌తో ఫొటో తీయండి. అడుగు పక్కన కొడవలి పెట్టి తీస్తే కొలత తెలుస్తుంది.

అదే రోజు గ్రామ వ్యవసాయ సహాయకుడికి, వీఆర్వోకి, ఫారెస్టు బీట్ ఆఫీసరుకి చెప్పండి. వాళ్ళు వచ్చి చూసి సంతకం పెడితే మంచిది. రాకపోతే వాట్సాప్‌లో పంపిన ఫొటో, పంపిన సమయం మన దగ్గర ఉంటాయి. అటవీ శాఖకి నష్టపరిహారం దరఖాస్తు తప్పకుండా పెట్టండి. వచ్చే డబ్బు ఎంతో కొంతే అయినా, ఆ దరఖాస్తు రసీదే రేపు లైసెన్సు ఫైలులో మీ పంటకి నిజంగా ముప్పు ఉందనడానికి రుజువు. చాలామంది రైతులు ‘ఆ నాలుగు రూకల కోసం ఎవడు తిరుగుతాడు’ అని వదిలేస్తారు. వదలొద్దు.

వద్దన్నవాళ్ళతో కూర్చోండి

మా ఊళ్ళో తుపాకి లైసెన్సుల మాట రాగానే మొదట అడ్డం తిరిగింది ఆడవాళ్ళే. వాళ్ళ భయం నూటికి నూరుపాళ్ళు న్యాయమైంది. ‘తాగొచ్చినోడి చేతికి అందేలా ఇంట్లో తుపాకి ఉంటే నా గతేటి?’ అని ఒకావిడ సంఘం మీటింగులో నిలదీసి అడిగింది. దానికి జవాబు చెప్పలేని ఉద్యమం నడిచే అర్హత లేనిదే.

అందుకని ఊరి నియమాలు రాసుకున్నాం. తాగుడు అలవాటున్నవాడి దరఖాస్తుకి ఊరు మద్దతు ఇవ్వదు. ఇంట్లో గొడవలు పడి స్టేషన్ దాకా వెళ్ళినవాడికీ అంతే. దరఖాస్తు పెట్టే మనిషి ఇంట్లో భార్యో, తల్లో ఊరి పుస్తకంలో ఒప్పుకున్నట్టు సంతకం పెట్టాలి. తుపాకి తాళం వేసిన పెట్టెలో, మందుగుండు వేరే పెట్టెలో, రెండు తాళాలు ఇద్దరి దగ్గర. ప్రతి ఇంటికీ తుపాకి అడగం. గుంపుగా ఉన్న పొలాలకి ఒకరిద్దరు చాలు. ఇవి ప్రభుత్వం పెట్టినవి కావు, మేం పెట్టుకున్నవి. ఈ కాగితం చూశాకే మా మీద అధికారులకి నమ్మకం కలిగిందని నా అభిప్రాయం. ఆడవాళ్ళు వెంట ఉంటే ఏ ఆఫీసులోనైనా ఈ మాటకి బరువు పెరుగుతుంది.

గ్రామసభ తీర్మానం

గ్రామసభలో పెట్టించాల్సిన తీర్మానం ఒక పేజీ దాటకూడదు. మొదటి పేరాలో నష్టం పుస్తకంలోని లెక్క. తర్వాత మూడు కోరికలు: పంట రక్షణ లైసెన్సు దరఖాస్తుల్ని గడువులోపు పరిష్కరించాలి, అడవిపందుల విషయంలో అటవీ శాఖ అనుమతి ఇచ్చే పద్ధతి మండల స్థాయిలో పెట్టాలి, దరఖాస్తుదారులకి ఆయుధ భద్రత శిక్షణ జిల్లాలోనే ఇప్పించాలి. చివర్లో నాటు తుపాకులు, నాటు బాంబులు, కరెంటు తీగలు మా ఊరు సహించదు అన్న వాక్యం. ఈ చివరి వాక్యం లేకుండా తీర్మానం పంపొద్దు.

మా అప్ప కొడుకు అమెరికాలో వర్జీనియాలో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడ 2019 చివర్లో కొత్త తుపాకి చట్టాలు వస్తున్నాయని తెలిసి జనం కౌంటీ (మన జిల్లా లాంటిది) బోర్డు సమావేశాలకి తరలి వెళ్ళారట. ఆ రాష్ట్రంలో ఉన్న 95 కౌంటీల్లో అత్యధికం వ్యతిరేక తీర్మానాలు చేశాయి. ఆ తీర్మానాలకి చట్టాన్ని ఆపే బలం లేదు. 2020లో కొన్ని చట్టాలు వచ్చేశాయి కూడా. కానీ అన్నిటికంటే పెద్దదైన, యుద్ధ తరహా తుపాకుల నిషేధం బిల్లు సెనేట్ కమిటీలో ఆగిపోయింది. వాళ్ళ తుపాకుల గొడవ వేరు, మన గొడవ వేరు. అయినా పక్క ఊళ్ళన్నీ ఒకే రకం తీర్మానం చేస్తే పైవాళ్ళు తలెత్తి చూస్తారన్న మాట మాత్రం ఇక్కడా నిజమే. ఒక్క ఊరితో ఆగకుండా కొండ కింద ఉన్న పంచాయతీలన్నీ తిరగండి. సర్పంచి ఏ పార్టీ వాడని చూడొద్దు. పందికి పార్టీ లేదు.

దరఖాస్తు

మన జిల్లాల్లో లైసెన్సు ఇచ్చేది కలెక్టరు, అంటే జిల్లా మేజిస్ట్రేటు. దరఖాస్తు ఫారం ఎ-1. ఆయుధ లైసెన్సుల కేంద్ర పోర్టల్‌లో నమోదైతే ఒక గుర్తింపు సంఖ్య వస్తుంది. మీసేవ కుర్రాడికి ఇది కొత్త కావచ్చు, పక్కన కూర్చుని చేయించండి. 21 ఏళ్ళు నిండి ఉండాలి. ఆధార్, ఫొటోలు, పట్టాదారు పాసుపుస్తకం, 1-బి, అడంగల్, కౌలు అయితే కౌలు కార్డు, డాక్టరు సర్టిఫికెట్, భద్రత శిక్షణ సర్టిఫికెట్. వీటికి నష్టం పుస్తకం నకలు, ఫొటోలు, పరిహారం రసీదులు, గ్రామసభ తీర్మానం జతచేయండి. కారణం రాసేచోట పంట రక్షణ అని మాత్రమే రాయండి. ఆత్మరక్షణ, శత్రువులు, ఊరి తగాదాలు కలిపారంటే ఆ ఫైలు వేరే దారి పడుతుంది.

శిక్షణ దగ్గర మాకు ఇబ్బంది వచ్చింది. ఎక్కడ ఇస్తారో చెప్పే నాథుడు లేడు. మన శ్రీకాకుళంలో ఏ ఊరు చూసినా ఒకరిద్దరు రిటైర్డు జవాన్లు ఉంటారు. వాళ్ళని కలుపుకోండి. తుపాకి ఖాళీగా ఉందో లేదో చూడడం, గొట్టం ఎప్పుడూ మనుషుల వైపు తిప్పకపోవడం, గుండు దాటిపోతే వెనక ఏముందో చూశాకే వేలు ట్రిగ్గర్ మీద పెట్టడం వాళ్ళు మాకు వట్టి కర్రతోనే నేర్పారు. ఇది సర్టిఫికెట్‌కి బదులు కాదు. సర్టిఫికెట్ ఇచ్చే శిక్షణ జిల్లాలో పెట్టించమని కలెక్టరుకి రాతలో అడుగుతూనే ఉండాలి.

పోలీసు విచారణ గురించి టెన్షన్ పడొద్దు. స్టేషన్ నుంచి రిపోర్టు పోవాలి, అది చట్టం. మన ప్రాంతంలో తుపాకి అంటే పోలీసులు ఆలోచించడానికి కారణం కూడా ఉంది. 1967 అక్టోబరు 31న లేవిడిలో భూస్వాముల తుపాకులకి ఇద్దరు గిరిజనులు చనిపోయారు. ఆ తర్వాత ఈ కొండల్లో సాయుధ పోరాటం నడిచింది. ఆ చరిత్ర తెలిసి మాట్లాడితే ఎస్సై గారి ప్రశ్నలు మనకి అవమానంగా అనిపించవు. ‘ఆడవాళ్ళకి తుపాకెందుకమ్మా’ అని నన్ను ఒక ఆఫీసులో అడిగారు. పాసుపుస్తకం నా పేరు మీద ఉంది, చేలో రాత్రి కాపలా నేనే ఉంటాను, కాగితాలు ఇవిగో బాబూ అన్నాను. కోపంతో అనలేదు. ఫైలు తీసుకున్నారు. రిపోర్టు గడువులోపు రాకపోతే, దానికోసం ఎదురుచూడకుండానే నిర్ణయం తీసుకునే వీలు లైసెన్సు ఇచ్చే అధికారికి 13వ సెక్షన్‌లో ఉంది. ఆలస్యమైతే ఆ సంగతి గుర్తుచేస్తూ వినయంగా ఒక లెటరు పెట్టండి.

సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకి వెళ్ళండి. గుంపు మొత్తం లోపలికి పోవద్దు. ఇద్దరు మాట్లాడాలి, ఒకరు రాసుకోవాలి. అర్జీ నంబరు తీసుకోకుండా బయటికి రావద్దు.

కాదంటే

నోటిమాటగా కాదన్నారంటే కాదన్నట్టు కాదు. నిరాకరిస్తే కారణాలు రాతలో నమోదు చేయాలి. మనం అడిగితే వాటిని క్లుప్తంగా రాసి ఇవ్వాలి. ప్రజాహితం దృష్ట్యా ఇవ్వకూడదనుకుంటే తప్ప ఇది వాళ్ళ బాధ్యత, 14వ సెక్షన్‌లోనే ఉంది. ఆ కాగితం చేతికొస్తే 18వ సెక్షన్ కింద పై అధికారికి అప్పీలు చేయవచ్చు. అప్పీలుకి గడువు ఉంటుంది, ఆర్డరు అందిన వారంలోనే వకీలుని కలవండి. ఆ పైన హైకోర్టు ఉంది.

అమెరికాలోని న్యూయార్క్ సంగతి ఇక్కడ చెప్పాలి. ఆ రాష్ట్రంలో 1911 నుంచీ గట్టి తుపాకి చట్టం ఉంది. పిస్తోలు వెంట పెట్టుకుని తిరగాలంటే మామూలు జనానికి లేని ప్రత్యేక కారణం చూపాల్సి వచ్చేది. రాబర్ట్ నాష్, బ్రాండన్ కోచ్ అనే ఇద్దరు సామాన్యులు దరఖాస్తు పెట్టారు, పూర్తి లైసెన్సు ఇవ్వలేదు. వాళ్ళు, వాళ్ళ రాష్ట్ర తుపాకుల సంఘం కలిసి వేసిన కేసులో 2022 జూన్ 23న అమెరికా సుప్రీంకోర్టు ఆ నిబంధనని కొట్టేసింది. వాళ్ళ రాజ్యాంగంలో తుపాకి ఉంచుకునే హక్కు ఇచ్చే రెండో సవరణ ఉంది, మనకి లేదు, కాబట్టి ఆ తీర్పు ఇక్కడ చెల్లదు. కానీ పద్ధతిగా దరఖాస్తు పెట్టి, కాదన్న ఆర్డరు చేతిలో ఉంచుకున్నవాడే కోర్టు గడప తొక్కగలడు. అది ఎక్కడైనా ఒకటే.

సమాచార హక్కు చట్టం కూడా వాడండి. పది రూపాయల ఫీజుతో కలెక్టరేట్‌కి దరఖాస్తు పెట్టి, జిల్లాలో పంట రక్షణ లైసెన్సులు ఎన్ని ఉన్నాయి, ఎన్ని దరఖాస్తులు ఎంతకాలంగా పెండింగులో ఉన్నాయి, ఎన్ని తిరస్కరించారు అని అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ అంకెలు ఎమ్మెల్యే ముందు పెడితే మన మాట వట్టి ఫిర్యాదులా ఉండదు.

లైసెన్సు వచ్చినంత మాత్రాన కాల్చకూడదు

ఇది మీ ఊళ్ళో ప్రతి ఒక్కరికీ నోటికి వచ్చేదాకా చెప్పండి. తుపాకి ఉంచుకోవడానికి ఒక చట్టం, జంతువుని చంపడానికి ఇంకో చట్టం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఎలుగుబంటి, ఏనుగు మొదటి షెడ్యూలులో, అంటే అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉన్నాయి. వాటి జోలికి పోయే ఆలోచనే వద్దు. ఉద్దానం జీడితోటల్లో ఎలుగు ఎదురైతే ఫారెస్టు వాళ్ళకి ఫోన్ చేయాలి, అంతే. అడవిపంది రెండో షెడ్యూలులో ఉంది. పంటకి ముప్పు అని రుజువైతే 11వ సెక్షన్ కింద రాష్ట్రంలో వన్యప్రాణుల పై అధికారి అయిన చీఫ్ వైల్డ్ లైఫ్ వార్డెన్‌గానీ ఆయన అధికారం ఇచ్చినవారుగానీ రాతలో అనుమతి ఇవ్వవచ్చు. ఆ కాగితం లేకుండా కాల్చితే వేట కేసే. అనుమతితో చంపినా ఆ జంతువు ప్రభుత్వానిది, కూర వండుకుంటే మళ్ళీ కేసు.

కేరళలో 2022లో ఈ అనుమతిచ్చే అధికారాన్ని పంచాయతీ అధ్యక్షుల దాకా తెచ్చారు, లైసెన్సు ఉన్నవాళ్ళ పేర్లు జాబితాలో పెట్టి వాళ్ళ చేతే కాల్పిస్తున్నారు. మన దగ్గరా అలాంటి జాబితా ఫారెస్టు రేంజి ఆఫీసులో ఉండాలన్నదే మనం పట్టుబట్టాల్సిన అసలు కోరిక అని నేను గట్టిగా నమ్ముతాను. లైసెన్సు ఉండి అనుమతి దారి లేకపోతే ఆ తుపాకి చప్పుడు చేసి బెదిరించడానికి తప్ప పనికిరాదు.

ఉద్యమాన్ని చంపేవి

2023 మేలో భామిని మండలం కాట్రగడ దగ్గర కరెంటు తీగ తగిలి నాలుగు ఏనుగులు చనిపోయాయి. అలాంటి తీగలకి మనుషులూ పోతున్నారు, ఆవులూ పోతున్నాయి. నాటు బాంబు కొరికి మూతి పగిలి రోజుల తరబడి అరిచిన పాడి ఆవుని నేను చూశాను. అలాంటి పని ఒక్కటి జరిగినా చుట్టుపక్కల ఊళ్ళ దరఖాస్తులన్నీ వెనక్కి పోతాయి. లైసెన్సు లేని తుపాకి ఉంచుకుంటే ఏళ్ళ తరబడి జైలు, తయారుచేసినా అమ్మినా యావజ్జీవం దాకా పోవచ్చు. పెళ్ళిలో సరదాకి గాల్లో పేల్చినా 2019 సవరణ తర్వాత రెండేళ్ళ దాకా జైలు లేదా లక్ష దాకా జరిమానా, రెండూ పడొచ్చు. ఎవరింట్లోనైనా తాతల నాటి తుపాకి కాగితాల్లేకుండా అటక మీద ఉంటే, వకీలుని వెంటబెట్టుకుని వెళ్ళి స్టేషన్‌లో అప్పగించమని చెప్పండి.

లైసెన్సు ఉన్న పెద్దాయన చనిపోతే సంగతి వేరు. మా నాన్న తుపాకిని మేం స్టేషన్‌లో అప్పగించినప్పుడు, వారసులు దానికి లైసెన్సు అడగవచ్చని మాకు ఎవరూ చెప్పలేదు. 2016 నియమాల్లో ఆ వీలుంది. తండ్రి బతికుండగానే కూడా, ఆయనకి 70 ఏళ్ళు నిండినా, లైసెన్సు 25 ఏళ్ళు ఉన్నా పిల్లల పేరు మీదికి అడగవచ్చు. కొత్త లైసెన్సుకంటే ఇది తేలిక. ముందు మీ మండలంలో ఇలాంటి పాత లైసెన్సుల ఇళ్ళు వెతకండి.

ఎన్నికలప్పుడు

కోడ్ రాగానే తుపాకులు అప్పగించమని కబురొస్తుంది. 2024లో మార్చి 16న కోడ్ వచ్చింది, మే 13న పోలింగు. రబీ మొక్కజొన్న కంకి మీద ఉన్న రోజులు సరిగ్గా అవే. కర్ణాటకలోని కొడగు వాళ్ళకి లైసెన్సు నుంచే మినహాయింపు ఉంది, 2019లో దాన్ని 2029 దాకా పొడిగించారు. మనకి అది లేదు. కానీ ఎన్నికల సంఘం సూచనల ప్రకారం ఎవరి తుపాకి తీసుకోవాలో జిల్లా స్క్రీనింగ్ కమిటీ ఒక్కొక్కటిగా చూడాలి. కేసులు, అల్లర్ల చరిత్ర ఉన్నవాళ్ళ గురించి పెట్టిన పద్ధతి అది. కాబట్టి కోడ్ రాకముందే, మా మీద ఏ కేసూ లేదు, పంట చేలో ఉంది అని సర్వే నంబరుతో సహా కమిటీకి అర్జీ పెట్టండి. ఒప్పుకోకపోతే వాదించకుండా అప్పగించండి. తుపాకి నంబరు, గుళ్ళ లెక్క వేసి ఇచ్చిన రసీదు లేకుండా మాత్రం స్టేషన్ మెట్లు దిగొద్దు. ఫలితాలు వచ్చి కోడ్ ఎత్తేశాక ఆ రసీదు పట్టుకెళ్ళి వెంటనే తెచ్చుకోండి. లైసెన్సుకి ఇప్పుడు ఐదేళ్ళ గడువు, అది ఈ మధ్యలో ముగుస్తుంటే రెండు మూడు నెలల ముందే రెన్యువల్‌కి పెట్టేయండి. తుపాకి స్టేషన్‌లో ఉన్నా గడువు ఆగదు.